బ్లేడు నుండి జల్లెడ రేకుకు: తన్ను తాను కడుగుకొనే షేవరు

మగవారి దినచర్యలో గడ్డం గీసుకొనడం ఎంత అలవాటైన పని అంటే, అందులో ఆలోచించవలసిన శాస్త్రం ఏదో ఉన్నదని ఎవరికీ తోచదు. నిజానికి ఆ పనిలో మనం ఒక ఉక్కు అంచును ప్రాణమున్న చర్మం మీద నడుపుతున్నాము. ఇరవై ఏళ్ళ యువకునికి చిన్న గాటు పడితే కాస్త పటిక రాసుకొని మరచిపోతాడు. గుండె జబ్బుకు రక్తాన్ని పలుచబరచే మందులు వాడుతున్న డెబ్బై ఏళ్ళ తండ్రిగారికి అదే గాటు పడితే, ఎంతసేపు దూది అద్దినా నెత్తురు నిలవకపోవచ్చు. విదేశాలలో ఉంటున్న మన కుటుంబాలలో చాలామందికి ఇటువంటి పెద్దలు ఇంట్లోనో, ఊళ్ళోనో ఉన్నారు. వారి కోసం కొనదలచుకొన్న వస్తువులలో బ్లేడు లేని ఎలక్ట్రిక్ షేవరు ఒకటి. అందులోనూ తన్ను తాను కడుగుకొనే రకాలు ఇప్పుడు అంగళ్ళలో విరివిగా దొరుకుతున్నాయి. బ్లేడు ఎలా కోస్తుంది, షేవరు ఎలా కోస్తుంది, ఆ కడిగే యంత్రం చేసే పని ఏమిటి, ఈ మార్పు ఎవరికి మేలు అనే విషయాలను ఈ వ్యాసంలో వరుసగా పరిశీలిద్దాం.

వెంట్రుక స్వభావం

వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైనది. గోళ్ళు, పశువుల కొమ్ములు, పక్షుల ఈకలు కూడ ఈ జాతి పదార్థాలే. కెరటిన్ అణువులు పొడవైన గొలుసుల వంటివి. వెంట్రుకలో ఈ గొలుసులను రెండు రకాల బంధాలు పట్టి ఉంచుతాయి. మొదటివి గంధకపు పరమాణువుల మధ్య ఏర్పడే గట్టి బంధాలు. నిచ్చెనకు అడ్డకర్రలు ఎలాగో గొలుసులకు ఇవి అలాగు. రెండవవి హైడ్రోజన్ బంధాలు. ఇవి విడివిడిగా బలహీనమైనవే గాని, సంఖ్యలో చాలా ఎక్కువ.

నీరు తగిలినప్పుడు గంధకపు బంధాలు చెక్కుచెదరవు, హైడ్రోజన్ బంధాలు మాత్రం సడలిపోతాయి. బాగా నానిన వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని పీల్చుకొని, అడ్డకొలతలో సుమారు 15 శాతం ఉబ్బుతుంది. ఉబ్బిన వెంట్రుక మెత్తబడి, తక్కువ బలానికే తెగుతుంది. బ్లేడు వాడేవారు వేడినీటితో ముఖం కడుక్కొని, నురగ పట్టించి, రెండు మూడు నిమిషాలు ఆగడంలోని రహస్యం ఇదే. సబ్బు నురగ వెంట్రుక మీది జిడ్డును తొలగించి నీటిని లోనికి పోనిస్తుంది, తేమ ఆరిపోకుండ కాపాడుతుంది, బ్లేడు జారడానికి నునుపును కూడ ఇస్తుంది.

బ్లేడు కోసే తీరు

బ్లేడుకు ఉన్నది ఒకే అంచు. వెంట్రుకను అవతలి వైపు నుండి ఆపి పట్టే మరో అంచు ఏదీ లేదు. దానిని పట్టి ఉంచేది చర్మంలోని దాని కుదురు మాత్రమే. కనుక బ్లేడు మొదట వెంట్రుకను కొంత వంచుతుంది, కొంత లాగుతుంది, ఆ తరువాతనే కోస్తుంది. అంచు మొద్దుబారిన కొద్దీ కోత తగ్గి లాగుడు పెరుగుతుంది. మనకు కలిగే మంట చాలవరకు ఈ లాగుడు వలననే.

ఉక్కు వెంట్రుక కన్నా దాదాపు 50 రెట్లు కఠినమైనది. అయినా కొన్ని క్షవరాలకే బ్లేడు ఎందుకు మొద్దుబారుతుంది? ఈ ప్రశ్నకు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు 2020లో సైన్స్ పత్రికలో ఒక సమాధానం ప్రకటించారు. శక్తిమంతమైన సూక్ష్మదర్శిని కింద చూస్తే, అంచు కేవలం అరిగిపోవడమే గాక, అక్కడక్కడ పెచ్చులుగా కూడ ఊడుతున్నది. ఉక్కు లోపలి నిర్మాణం అన్ని చోట్ల ఒకే తీరుగా లేకపోవడం, వెంట్రుక బ్లేడుకు ఏటవాలుగా వంగి తగలడం, సరిగ్గా ఉక్కులోని బలహీనమైన చోటనే తగలడం, ఈ మూడూ కలిసినప్పుడు ఒక్క వెంట్రుక కూడ ఉక్కు అంచును చిట్లించగలదని వారు చూపించారు. వెంట్రుక స్వేచ్ఛగా వంగడమే ఇక్కడ కీలకం. ఈ సంగతిని గుర్తుంచుకొంటే తరువాతి విషయం సులభంగా బోధపడుతుంది.

అడకత్తెర సూత్రం

పోకచెక్కను కత్తితో కోయబోతే అది జారిపోతుంది. అడకత్తెరలో పెడితే సులువుగా తెగుతుంది. కారణం, అడకత్తెరకు రెండు అంచులు ఉన్నాయి. ఒకటి ఆపుతుంది, రెండవది కోస్తుంది. ఎలక్ట్రిక్ షేవరు పనిచేసేది ఈ సూత్రం మీదనే.

షేవరు తల మీద సన్నని రంధ్రాలున్న జల్లెడ వంటి లోహపు రేకు ఉంటుంది. దాని వెనుక చిన్న బ్లేడులు నిమిషానికి వేలసార్లు అటూ ఇటూ కదులుతూ ఉంటాయి. రంధ్రంలోనికి దూరిన వెంట్రుకకు ఒక పక్క రంధ్రపు అంచు, మరొక పక్క కదిలే బ్లేడు. అది అడకత్తెరలో పోకచెక్క వలెనే తెగుతుంది. వెంట్రుక రంధ్రంలోనికి వస్తుంది, చర్మం రాదు. ఉక్కుకు చర్మానికి మధ్య ఆ రేకు సదా అడ్డుగోడగా నిలుస్తుంది. మరొక రకంలో రేకుకు బదులు సన్నని చీలికలున్న గుండ్రని మూతలు, వాటి కింద గిరగిర తిరిగే బ్లేడులు ఉంటాయి. రూపం వేరైనా సూత్రం ఒకటే.

ఈ రేకును సుత్తితో సాగగొట్టి చేయడం అసాధ్యం. నికెల్ లవణపు ద్రావణంలో విద్యుత్తును పంపి, ముందుగా సిద్ధం చేసిన అచ్చు మీద నికెల్ పొర పేరుకొనేటట్లు చేస్తారు. రంధ్రాలు ఉండవలసిన చోట లోహం పేరుకొనదు. ఇత్తడి వస్తువుకు వెండిపూత పూసే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం.

మూడు పేర్లు, మూడు మలుపులు

ఇంట్లోనే సురక్షితంగా గడ్డం గీసుకొనే అలవాటును ప్రపంచానికి చేసినవాడు అమెరికా దేశస్థుడైన కింగ్ కాంప్ జిలెట్. ఆయన వాడి పారవేసే బ్లేడును 1903లో అంగడికి తెచ్చినప్పుడు, ఆ ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడులు మాత్రమే. పేటెంటు లభించిన 1904వ సంవత్సరంలో రేజర్ల అమ్మకం 90 వేలకు చేరింది. మంగలికత్తిని సాన పట్టి, తోలుపట్టీ మీద నూరే నేర్పు ఇక గృహస్థునికి అక్కరలేకపోయింది.

రెండవ మలుపు జేకబ్ షిక్‌ది. అమెరికా సైన్యంలో పనిచేసి, అలాస్కా చలిని చవిచూసిన ఆయనకు, నీరూ సబ్బూ లేకుండ గడ్డం గీసే యంత్రం కావాలన్న పట్టుదల కలిగింది. విద్యుత్తుతో నడిచే షేవరుకు 1930లో పేటెంటు పొంది, 1931లో అమ్మకం ప్రారంభించాడు. 1939లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ సంస్థలో ఇంజనీరు అలెగ్జాండర్ హోరోవిట్జ్ తిరిగే బ్లేడుల షేవరును రూపొందించాడు. 1950లో జర్మనీకి చెందిన మాక్స్ బ్రాన్ సంస్థ పలుచని జల్లెడ రేకు గల షేవరును విడుదల చేసింది. నేటికీ అంగళ్ళలో కనిపించే రెండు ప్రధాన రకాలు వీరిద్దరి వారసులే.

మూడవ మలుపు శుభ్రతకు సంబంధించినది. షేవరును తలకిందులుగా నిలిపితే దానంతట అదే కడిగి, ఆరబెట్టి, ఛార్జి చేసే పీఠాలు 21వ శతాబ్ది ఆరంభంలో ఇళ్ళలోనికి ప్రవేశించాయి.

వెంట్రుకవాసి తేడా

"షేవరుతో బ్లేడంత నున్నగా రాదు" అన్నది చిరకాలపు ఫిర్యాదు. ఇది నిజమే. అయితే ఎంత నిజమో లెక్క వేసి చూద్దాం.

షేవరు రేకు మందం సుమారు 0.05 మిల్లీమీటరు. బ్లేడులు రేకుకు లోపలి వైపున తిరుగుతాయి కనుక, చర్మం పైన దాదాపు అంత వెంట్రుక మిగులుతుంది. అంటే అక్షరాలా వెంట్రుకవాసిలో సగం. గడ్డం రోజుకు 0.3 నుండి 0.4 మిల్లీమీటరు పెరుగుతుంది. ఈ లెక్కన 0.05 మిల్లీమీటరు పెరగడానికి పట్టే కాలం మూడు నాలుగు గంటలు. బ్లేడుతో ఉదయం ఏడింటికి గీసుకొన్నవారి గడ్డం పదీ పదకొండు గంటలకు ఏ స్థితికి చేరుతుందో, షేవరు వాడినవారి గడ్డం ఏడింటికే ఆ స్థితిలో ఉంటుంది. చెంప నిమిరితే తెలిసే తేడాయే గాని, ఎదుటివారికి కనబడే తేడా కాదు.

రెండు మూడు బ్లేడులున్న రేజర్లు ఇంకొక అడుగు ముందుకు పోతాయి. మొదటి బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది. అది తిరిగి లోనికి పోకముందే వెనుక వచ్చే బ్లేడు కోస్తుంది. మిగిలిన కొన చర్మం లోపలికి జారుకొంటుంది. చేతికి ఆ నునుపు బాగుంటుంది. కాని ఉంగరాలు తిరిగే వెంట్రుకలు గలవారిలో ఆ కొన మళ్ళీ బయటకు వచ్చే దారిలో చర్మాన్నే గుచ్చుకొని, ఎర్రని పొక్కులు లేపుతుంది. ఇట్టివారికి వెంట్రుకను చర్మం పైననే ఆపే షేవరు తరచుగా ఉపశమనం ఇస్తుంది. వెంట్రుకవాసిలో సగం పోగొట్టుకొన్నందుకు మనకు దక్కే ప్రతిఫలం చర్మ రక్షణ.

కడిగే పీఠం ఏమి చేస్తుంది?

బ్లేడు బహిరంగమైన పనిముట్టు. కొళాయి కింద పెడితే శుభ్రమవుతుంది. షేవరు అలా కాదు. కోసిన వెంట్రుకల పొడి, చర్మపు పొలుసులు, ముఖపు జిడ్డు అన్నీ రేకు వెనుక చిన్న గదిలో చేరుతాయి. ఆ ముద్ద గట్టిపడితే బ్లేడులకు రాపిడి పెరిగి, మోటారు వేడెక్కి, కోత మందగిస్తుంది. తేమ, జిడ్డు ఉన్న చోట సూక్ష్మజీవులు కూడ పెరుగుతాయి. కనుక రేకు వలన లభించే రక్షణ పూర్తి కావాలంటే శుభ్రత తప్పనిసరి.

పీఠం అడుగున ద్రవంతో నిండిన ఒక డబ్బా ఉంటుంది. షేవరును తల కిందికి పెట్టి మీట నొక్కగానే చిన్న పంపు ఆ ద్రవాన్ని పైనున్న గిన్నెలోనికి ఎక్కిస్తుంది. షేవరు తనంతట తానే కొన్ని క్షణాలు తిరిగి, ఆగి, మళ్ళీ తిరుగుతుంది. అలా చిలికినప్పుడు లోపలి ముద్ద కరిగి ద్రవంతో పాటు కిందికి జారుతుంది. దారిలో ఒక వడపోత వెంట్రుకలను పట్టుకొంటుంది. వడిసిన ద్రవం మరల పైకి వస్తుంది. కొన్ని సార్లు ఇలా జరిగిన తరువాత ఆరబెట్టడం, చివరకు బ్యాటరీ ఛార్జింగు జరుగుతాయి.

ఆ ద్రవంలో చాలా కంపెనీలు ఆల్కహాలు, కొంచెం సబ్బు వంటి పదార్థం, కొంచెం నూనె కలుపుతాయి. ఆల్కహాలు జిడ్డును కరిగిస్తుంది, చాలా సూక్ష్మజీవులను చంపుతుంది, త్వరగా ఆవిరై యంత్రాన్ని పొడిగా ఉంచుతుంది. నూనె బ్లేడుల రాపిడిని తగ్గిస్తుంది. కొన్ని కంపెనీల ద్రవంలో ఆల్కహాలుకు బదులు నీరే ప్రధానం. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఇది ఆసుపత్రిలో పరికరాలను శుద్ధి చేసే విధానానికి సమానం కాదు. హెపటైటిస్-బి వైరసు శరీరం వెలుపల కనీసం ఏడు రోజులు బ్రతికి ఉండగలదు. కాబట్టి పీఠం ఉన్నది గదా అని ఒకే షేవరును తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు పంచుకొనరాదు. బ్లేడు విషయంలో పాటించే నియమమే దీనికీ వర్తిస్తుంది.

ఎవరికి నిజమైన మేలు?

ఆరోగ్యవంతుడైన యువకునికి బ్లేడా, షేవరా అన్నది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం. కొందరి విషయంలో అది వైద్య విషయం.

మొదటివారు రక్తం గడ్డకట్టకుండ వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ ఇటువంటివారు బ్లేడు మాని ఎలక్ట్రిక్ షేవరు వాడవలెనని స్పష్టంగా సలహా ఇస్తున్నది. రెండవవారు మధుమేహ రోగులు. చక్కెర అదుపులో లేనప్పుడు చిన్న గాయాలు కూడ ఆలస్యంగా మానుతాయి, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. మూడవవారు చేతులు వణికేవారు, చూపు మందగించినవారు. వయసుతో చర్మం పలుచబడి, వదులై, ముడతలు పడుతుంది. ఆ ముడతల మీద బ్లేడును సరియైన కోణంలో నడపడం మంచి చూపు ఉన్నవారికే కష్టం. నాలుగవవారు మంచం పట్టిన పెద్దలు. వారికి ఇతరులు గడ్డం గీయవలసి వచ్చినప్పుడు నురగ, నీరు, బ్లేడు అన్నీ ఇబ్బందే. షేవరు అయితే కోడలో, మనుమడో భయం లేకుండ ఆ సేవ చేయగలరు.

కడిగే పీఠం కూడ ఈ వర్గాలవారికే ఎక్కువగా ఉపయోగపడుతుంది. వ్రేళ్ళు బాగా పనిచేసేవారు నీటిలో తడపదగిన షేవరును ఒక చుక్క ద్రవపు సబ్బుతో కొళాయి కింద కడిగి, ఆరబెట్టి, అప్పుడప్పుడు ఒక చుక్క నూనె వేస్తే సరిపోతుంది. పలుచని రేకును ఊడదీసి, దులిపి, మళ్ళీ బిగించే ఓపిక, చూపు లేని పెద్దవారికి పీఠం విలాసం కాదు, అవసరం.

మారే విధానం

బ్లేడుకు మెత్తని వెంట్రుక కావాలి. షేవరుకు నిటారుగా నిలిచే గట్టి వెంట్రుక కావాలి. మెత్తబడిన వెంట్రుక వాలిపోయి రంధ్రంలో దూరదు. తడి చర్మం రేకుకు అంటుకొని జారదు. కనుక తడిగా వాడడానికి ప్రత్యేకించి చేసిన షేవరు కానట్లయితే, ముఖం కడుక్కొనక ముందే, పొడి చర్మం మీద గీసుకొనడం మేలు. అంటే ఇన్నేళ్ళ అలవాటును తలకిందులు చేయాలి. మరికొన్ని సూచనలు:

1. చర్మం కొత్త పద్ధతికి అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి రోజులలో కొంచెం ఎర్రబడడం సహజం. ఆ వారాలలో మధ్య మధ్య బ్లేడుకు పోకుండ వరుసగా వాడాలి.

2. బ్లేడును నొక్కే అలవాటుతో షేవరును నొక్కరాదు. నొక్కితే చర్మం రంధ్రాలలోనికి ఉబికి గీరుకొంటుంది. తేలికగా తాకిస్తే చాలు.

3. రేకు షేవరును వెంట్రుక పెరిగే దిశకు ఎదురుగా, తిన్నగా నడపాలి. గుండ్రని తలల షేవరును చిన్న చిన్న సున్నాలు చుట్టినట్లు నడపాలి. రెండవ చేతితో చర్మాన్ని కొద్దిగా బిగువుగా పట్టాలి.

4. మూడు నాలుగు రోజుల గడ్డం ఉంటే మొదట ట్రిమ్మరుతో కురచ చేయాలి. పొడవు వెంట్రుకలు రంధ్రాలలో దూరవు.

5. రేకుకు చిల్లి గాని, చీలిక గాని పడితే ఆ రోజే వాడకం ఆపాలి. అడ్డుగోడ పోయిన తరువాత అది బ్లేడు కన్నా ప్రమాదకరం. చిల్లి పడకపోయినా ఏడాదిన్నర నుండి రెండేళ్ళకు ఒకసారి రేకును, బ్లేడులను మార్చడం మంచిది.

కొనే ముందు, పంపే ముందు

ఖర్చు లెక్కలో షేవరు ధర ఒక్కటే చూడరాదు. ద్రవపు డబ్బా ఒకటి సాధారణంగా 30 సార్లు కడగడానికి వస్తుంది. ప్రతిరోజూ కడిగితే ఏడాదికి 12 డబ్బాలు కావాలి. పొదుపు చేయదలచి వారానికి రెండు సార్లే కడిగితే అదే డబ్బా పదిహేను వారాలు రావలెను గదా అనుకొంటాము. కాని తెరచిన డబ్బాలో ఆల్కహాలు ఆవిరవుతూ ఉంటుంది. దాదాపు ఎనిమిది వారాలకు దానిని మార్చవలసి వస్తుంది. అందువలన రెండు రోజులకు ఒకసారి కడగడం మధ్యే మార్గం. ఈ డబ్బాలు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క రీతిగా ఉంటాయి. స్వదేశంలోని పెద్దలకు పంపేటప్పుడు, వారి ఊరిలో ఆ డబ్బా, ఆ రేకు దొరుకుతాయా అని ముందే విచారించాలి. అవి దొరకని చోట పీఠం లేని, కొళాయి కింద కడగదగిన షేవరే ఉత్తమం.

విద్యుత్తు విషయం మరువరాదు. అమెరికాలో ఇళ్ళకు వచ్చేది 120 వోల్టులు, భారతదేశంలో 230 వోల్టులు. ఛార్జరు మీద 100 నుండి 240 వోల్టులు అని రాసి ఉంటే రెండు దేశాలలోను పనిచేస్తుంది, ప్లగ్గు ఆకారం మాత్రం మారుతుంది. 120 వోల్టులకే చేసిన దానిని మన ఊరిలో గోడకు తగిలిస్తే కాలిపోతుంది.

ఆల్కహాలు మండే పదార్థం. పీఠాన్ని దేవుని దీపానికి, అగరువత్తులకు, పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండ సమతలం మీద ఉంచాలి. డబ్బా ఉన్న పీఠాన్ని వంచరాదు. ప్రయాణంలో షేవరును మాత్రమే తీసుకొనిపోయి, పీఠాన్ని ఇంట్లోనే ఉంచడం మేలు.

ఒక పనిముట్టు మంచిదా చెడ్డదా అన్నది దానిని పట్టుకొన్న చేతిని బట్టి కూడ ఉంటుంది. బ్లేడు చౌకైనది, సులువైనది, నునుపైనది. దానికి స్థిరమైన చేయి, మంచి చూపు, త్వరగా గడ్డకట్టే రక్తం కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తగ్గినా, వెంట్రుకవాసిలో సగం నునుపును వదులుకొని రేకు చాటున గీసుకొనడం వివేకం. ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు నాన్నగారిని మందుల సంగతితో పాటు, గడ్డం దేనితో గీసుకొంటున్నారో కూడ అడగండి.